మా తాత పాతిన ఎనిమిది గుంజలు

మా తాత సూర్రావుకి డెబ్భై రెండేళ్లు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ కొల్లేట్లో నడుములోతు నీళ్లలో నిలబడే బతికాడు. అది చాలదన్నట్టు ప్రతి వానాకాలం ఆ నీళ్లే మా ఇంట్లోకి వచ్చి ఆయన్ని పలకరిస్తాయి. మొన్నటి వానలకి మంచం కోళ్ల కింద నాలుగోసారి ఇటుకలు పెట్టాక, మామ్మ ముందు నిలబడి, "నీళ్లు రాని నేల మీదే చస్తానే సూరమ్మా" అన్నాడు.

"ముందు ఆ నేల మీద బతుకయ్యా, చావు సంగతి తర్వాత చూద్దాం" అంది మామ్మ.

ఏలూరు శివార్లో మెరక మీద వేసిన లేఅవుట్లో నూట యాభై గజాల స్థలం నచ్చింది. సువర్ణగారని, ఆవిడది. బయానా ఇచ్చాం. ఆవిడ తమ్ముడు వచ్చి సంతకం పెడితేగానీ రిజిస్ట్రేషను కాదు. అందుకు రెండు వారాలు పడుతుందన్నారు.

ఆ రెండు వారాలూ తాత మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. రసీదు తీసి చూస్తాడు, మడుస్తాడు, మళ్లీ తీస్తాడు. కాగితం మీద ఆయనకి నమ్మకం లేదు. కొల్లేట్లో చేపలు పట్టే మావులు పెట్టాలంటే ముందు వెదురు గుంజలు పాతుతారు. గుంజ ఉన్న చోటికి ఇంకొకడు పడవ తిప్పడు. తాతకి తెలిసిన రిజిస్ట్రేషను అదే.

మూడోరోజు ఎనిమిది గుంజలూ, చిరుగుల వలా ఆటోలో వేయించాడు. తోడు నేను. ఇంటర్ రెండుసార్లు తప్పి ఖాళీగా ఉన్నది ఇంట్లో నేనొక్కదాన్నే.

"తాతా, మనది ముప్పై ఏడో నంబరు. రాయి మీద రాసుంటుంది, వెతుకుదాం."

"రాయి ఎవడైనా పీకుతాడు. నీళ్ల ట్యాంకు ఎవడు పీకుతాడే?"

నీళ్లలో జాగా గుర్తుపెట్టుకోవాలంటే దూరంగా కనిపించే రెండింటిని ఒకే వరసలోకి తెచ్చి చూసుకుంటారు మావాళ్లు. స్థలం నచ్చిన రోజున తాత అలాగే చూసుకున్నాడట. నీళ్ల ట్యాంకుకి సరిగ్గా ముందు లేఅవుట్ వాళ్ల పెద్ద బోర్డు రావాలి. రోడ్డు వెంట నడిచి నడిచి, ఆ రెండూ ఒక వరసలోకి రాగానే ఆగాడు. గుంజలు పాతి చుట్టూ వల కట్టాడు. నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశాడు, చెరువంతా ఆయనదే అన్నట్టు.

అప్పట్నుంచి రోజూ మొదటి బస్సుకే వెళ్లి, గొడుగేసుకుని ఆ వల మధ్యలో కూర్చునేవాడు. మధ్యాహ్నం నేను క్యారేజీ తీసుకెళ్లేదాన్ని. తొమ్మిదో రోజున నేను వెళ్లేసరికి, పాండురంగారావుగారని రిటైరైన మాస్టారొకాయన వల బయట నిలబడి ఉన్నారు.

"ఏవండీ, నా స్థలంలో చేపలు పడతన్నారా?"

"మీ స్థలం ఏంటండీ? బయానా ఇచ్చాం మేం!"

ఆయన వంగి గడ్డి పక్కకి తీశారు. రాయి మీద నలభై ఒకటి.

తాత ట్యాంకు వైపు చూశాడు. బోర్డు వైపు చూశాడు. "వరస తప్పలేదండీ..." అన్నాడు నెమ్మదిగా.

"ఆ బోర్డుని మెయిన్ రోడ్డుకి కనబడాలని పది రోజుల కిందటే ఇటు జరిపారండీ."

నాకు నవ్వొచ్చింది. తాత మొహం చూసి మింగేశాను. ఆయన అప్పటికే పరుగెడుతున్నాడు.

నాలుగు స్థలాల అవతల ముప్పై ఏడులో ఎవరో టేపు పట్టుకుని కొలుస్తున్నారు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన నిరంజన్‌గారట. ఇక్కడ కంచే లేదు కాబట్టి స్థలం ఖాళీయేనని బ్రోకరు చెప్పాడట. తాత టేపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇది మాదండీ."

"మీ గుంజలు అక్కడున్నాయి కదండీ? సాయంత్రం సువర్ణగారితోనే మాట్లాడుకుంటాను" అంటూ ఆయన కదల్లేదు.

నేను సువర్ణగారికి ఫోన్ చేశాను. "నేనే చేద్దామనుకుంటున్నానమ్మా! తమ్ముడు ముందే వచ్చేశాడు. రిజిస్ట్రేషను స్లాటు ఇవాళ్టికే దొరికింది. నాలుగింటిలోపు తాతగారిని ఆఫీసుకి తీసుకొచ్చెయ్, లేదంటే వాడు రాత్రి బండికి వెళ్లిపోతాడు."

తాత మాత్రం రానంటాడు. "నేను కదిల్తే ఈయన దిగిపోతాడే!"

"నువ్వెళ్లి వేలిముద్ర వెయ్యకపోతే ఈయన దిగక్కర్లేదు తాతా, స్థలమే చేజారిపోద్ది!"

వినలేదు. రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, నీళ్లలో నిలబడ్డట్టే నిలబడ్డాడు. మూడు దాటింది. నాకు ఏడుపొస్తోంది.

అప్పుడు పాండురంగారావుగారు ఆయాసపడుతూ వచ్చి, తన స్థలంలోంచి పీక్కొచ్చిన మా గుంజనొకదాన్ని అక్కడ గుచ్చారు. "నేనుంటానండి, మీరెళ్లండి. తొమ్మిది రోజులు నా స్థలం కాశారు. ఓ గంట మీది కాయలేనా?"

తాత గొడుగు ఆయన చేతిలో పెట్టాడు. ఆఫీసులో వేలిముద్రల మిషను తాత బొటనవేలు పట్టలేదు. వల తాళ్లు లాగి లాగి వేళ్ల మీద గీతలు మిగల్లేదు. కుడిచెయ్యి అయింది, ఎడమచెయ్యి అయింది. గడియారం మూడు యాభై. చివరికి ఎడమ చిటికెన వేలికి ఆకుపచ్చ లైటు వెలిగింది.

"అయిపోయిందండీ, స్థలం మీదే. కాగితాలకి ఓ అరగంట కూర్చోండి" అన్నాడు అక్కడి కుర్రాడు.

తాత అప్పటికే మెట్లు దిగి ఆటోవాడిని పిలుస్తున్నాడు.

"కాగితాలు తాతా!"

"నువ్వు పట్రావే. పాపం, మాస్టారు ఎండలో ఉన్నారు!"