బట్టమేక చూసేదాకా

పోయిన వారం ఎల్బీనగర్ మెట్రో మెట్లెక్కుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "బాపు పోయారే. నిద్రలోనే. ఇంటికి వచ్చెయ్" అంది. పొరపాటు పడకండి, పోయింది మా నాన్న కాదు. నాన్నను మేం నాన్న అనే పిలుస్తాం. బాపు మా ఇంటి ఓనరు. దిల్‌సుఖ్‌నగర్‌లో కింద ఇల్లు వాళ్లది, పైన కిరాయి వాటా మాది. వాళ్లబ్బాయి బాపు అంటుంటే విని నేనూ అన్నాను, నన్ను చూసి అమ్మ కూడా అనేసింది. గుడివాడ నుంచి వచ్చిన మనిషి నోట ఆ మాట విని మా చుట్టాలు ముసిముసిగా నవ్వుకునేవారు.

బాపుది నల్లగొండ వైపు పల్లె. ఎల్బీనగర్ అడ్డా మీద సుమో నడిపేవాడు. నాకు పక్షుల పిచ్చి పట్టింది ఆరో తరగతిలో. మా నాన్న కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పి చెప్పి, ఆదివారం వస్తే దుప్పటి ముసుగు తీయని మనిషి. పొద్దున్నే కింద హారన్ మోగేది. రెండిళ్ల వాళ్లం సుమోలో కూరుకుని ఏ చెరువుకో, ఏ గుట్టకో పోయేవాళ్లం. బాపు భార్యను నేను పెద్దమ్మ అంటాను. ఆవిడ ఒళ్లో తపాలచెక్కల డబ్బా తప్పకుండా ఉండేది.

బాపుకు పక్షుల గురించి ఒక్క ముక్క తెలియదు. నేను ఊపిరి బిగబట్టి ఏ కొంగనో చూపిస్తే, చెవి దగ్గరికి వచ్చి "గిది తింటరా బిడ్డా?" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. "ఊకె అడిగిన, గంత కోపమేంది" అని నవ్వేవాడు. "పిట్ట మన దగ్గరికి రాదు, మనమే పోవాలె. సప్పుడు జేయకుండ కూసోవాలె" అని అందరికీ నీతులు చెప్పేదీ ఆయనే, తుమ్మి, ఉన్న పక్షులన్నిటినీ లేపేదీ ఆయనే.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్‌లతో కోచింగ్ సెంటర్ సగం రోజులు మూతపడేది. గుడివాడ నుంచి చుట్టాలు ఫోన్ల మీద ఫోన్లు, వచ్చేయండి వచ్చేయండి అని. నాన్న భయపడ్డాడు. ఏడాది చివర్లో ఇల్లు ఖాళీ చేసి బెజవాడ వెళ్లిపోదామన్నాడు. నేను అన్నం మానేసి ఏడ్చాను. బాపు సాయంత్రమైతే దీక్షా శిబిరంలో కూర్చునే మనిషి. సంగతి తెలిసి, మెడలో కండువా తీయకుండానే మెట్లెక్కి వచ్చాడు.

"తెలంగాణ రావాలె సారూ. అంతే గాని మీరు పోవాలని నేనెప్పుడన్న అన్ననా?" అని అడిగాడు. బాపు నా వైపు చూపించి, "పిల్ల బట్టమేకను సూడాలన్నది గద. సూపిచ్చినంక పోండ్రి. అప్పటిదాక ఖాళీ చేసుడు లేదు" అన్నాడు. నాన్నకు నవ్వొచ్చింది. సరేనన్నాడు.

బట్టమేకను చూడాలంటే అప్పట్లో కర్నూలు అవతల రోళ్లపాడు గడ్డిభూములకు పోవాలి. బాపు సుమో నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపేసి టీజీ అని రాయించుకున్నాడు. తుంగభద్ర వంతెన దాటితే అవతల సమైక్య ఉద్యమం. నాన్న వంతెనకు ఇవతలే బండి ఆపించాడు. అమ్మ దిగి, తడి తువ్వాలు ఆరేసినట్టు ఆ ప్లేటు మీద కప్పింది. "మా టీజీకి ముసుగేసినవా చెల్లే!" అని బాపు పగలబడి నవ్వాడు.

అక్కడికి చేరాక వెనక డోరు తీసి బాపు ఏం దింపాడనుకున్నారు? మలక్‌పేటలో మేకల కోసం అమ్ముతారే, ఆ పచ్చాకు కట్ట! బట్టమేకంటే ఏదో రకం మేక అనుకున్నాడు పాపం. అది మనిషి నడుము దాకా వచ్చే పెద్ద పక్షి అని, దేశంలో కొన్నే మిగిలాయని చెప్తే నోరు తెరిచాడు. "మేక అని పేరు వెట్టి పిట్ట అంటే ఎట్ల తెలుస్తది బిడ్డా?" అన్నాడు. ఆకంతా అక్కడ మేస్తున్న నిజం మేకలే తిన్నాయి. పక్షి మాత్రం కనబడలేదు. మేం ఖాళీ చేయలేదు.

మరుసటి వానాకాలం మళ్లీ వెళ్లాం. పొద్దు వాలుతోంది. నేను పడమటి వైపు బైనాక్యులర్ పెట్టుకుని కూర్చున్నాను. బాపు సుమో టాప్ ఎక్కి, నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తూర్పు వైపు చాలాసేపు చూశాడు. ఆ మనిషి అంతసేపు నోరు మూసుకుని ఉండడం నేనెప్పుడూ చూడలేదు. "ఏమన్నా ఉందా బాపూ?" అని అరిచాను. "ఏం లేదు బిడ్డా, మేకలే. పాండ్రి, చీకటైతది" అంటూ దిగాడు. దారి పొడుగునా అలిగి కూర్చున్నాను. ఆ తర్వాత తెలంగాణ వచ్చింది. నాన్న బెజవాడ మాట ఎత్తడం మానేశాడు. రోళ్లపాడులో బట్టమేకలు కనబడడమే మానేశాయి.

మూడో రోజు నాగోలు దగ్గర మూసీ ఒడ్డున పిట్టకు పెట్టారు. ఆకులో ఆయనకిష్టమైనవన్నీ, తపాలచెక్కతో సహా. పోయినవాళ్ల మనసులో కొరత లేకపోతే పిట్ట వచ్చి ముడుతుందంటారు. ఎంతసేపటికీ రాలేదు. నాన్న నాతో "కాకి రాదేమే?" అన్నాడు. మా వైపు పిట్ట అనం, కాకి అనే అంటాం మరి. వాళ్లబ్బాయి దండం పెట్టి "అమ్మను మంచిగ చూసుకుంట బాపూ" అన్నాడు. అయినా రాలేదు.

అప్పుడు పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆ దినం మీ బాపు చూసిండు బిడ్డా. తెల్లటి మెడ, నెత్తి మీద నల్లటి టోపీ. పెద్దమనిషి లెక్క నడుసుకుంట పోయిందట. చెప్తే మీరు ఖాళీ చేస్తరని చెప్పలే. పిల్లను మోసం జేసిన అని ఎన్నిసార్లు అన్నడో."

తెల్లటి మెడ, నల్లటి టోపీ. అదే, ఇంకేమీ కాదు. నాకు పట్టరాని కోపం వచ్చింది. జన్మలో మళ్లీ దొరకని పక్షిని నా వెనకాలే ఉంచి మేకలన్నాడు ఆ మహానుభావుడు! కోపం చాలక ఏడుపొచ్చింది. మమ్మల్ని ఉంచుకోవడానికి అంత ఆశపడిన మనిషి ఇంకెవరున్నారు మాకు?

మా నాన్న చెప్పులు విడిచి ముందుకు వెళ్లాడు. ఆకు ముందు చేతులు జోడించి, క్లాసులో చెప్పినట్టు గట్టిగా అన్నాడు: "అమ్మాయి ఇంకా చూళ్లేదు ఓనరు గారూ. ఖాళీ చెయ్యం."

కాసేపటికి ఒడ్డు మీది తుమ్మచెట్టు నుంచి ఒకటి దిగింది. అటూ ఇటూ గెంతింది. తపాలచెక్క ముక్క ముక్కున కరుచుకుని మూసీ మీదుగా ఎగిరిపోయింది. నాన్న నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అది కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు.

"పిట్ట ముట్టింది" అన్నాడు.