కాల్చనందుకు కూలి

"ఏం మరదలా, నీ చేలో ఎవర్ని పూడ్చావు?"

యోతాము ఈ మాట అడిగింది అక్టోబరులో, పట్టపగలు, బోరింగు దగ్గర నలుగురు ఆడవాళ్ళు వింటుండగా. ఎనెలేసి బకెట్టు నింపుకుంటోంది. న్చేవు కొండల కింద ఎండాకాలం ముగిసేసరికి నిప్పు తాకకుండా మిగిలేది శ్మశానం ఒక్కటే. అక్కడ చెట్టు నరకరు, ఆకు ఊడవరు, అగ్గిపుల్ల గీయరు. మిగిలిన నేలంతా, చేలూ గట్లూ పొదలూ, కాలి నల్లబడి ఉంటుంది. ఆ నలుపు నడుమ ఎనెలేసి ఎకరం మాత్రం ఎండిన మొక్కజొన్న చొప్ప కప్పుకుని, పాలిపోయి పడుకుని ఉంది. అడగవలసిన ప్రశ్నే అడిగాడు.

"ఇంకా ఎవర్నీ లేదు బావా. నీ కొలతకి చోటు వదిలిపెట్టాను," అంది ఎనెలేసి.

ఆడవాళ్ళు నవ్వారు. మేనమామ కొడుకూ మేనత్త కూతురూ ఎదురుపడినప్పుడు మర్యాదగా మాట్లాడుకోవడమే అక్కడ తప్పు. యోతామూ నవ్వాడు. నవ్వుతున్నంతసేపూ అతని చూపు చేను మీదే ఉంది, సంతలో మేకను చూసి మనసులో వెల కట్టినట్టు.

ఎనెలేసికి అప్పటికి నలభై ఆరేళ్ళు. చేను తల్లి నుంచి వచ్చింది, తల్లికి ఆమె తల్లి నుంచి. మగవాడు పెళ్ళి చేసుకుని భార్య ఊరికి వస్తాడు. ఆమె భర్త లాయిటోని అలా వచ్చినవాడే. పాతికేళ్ళుగా ఆ నేల దున్నుతున్నా ఇంకా అల్లుడే. నాలుగేళ్ళ క్రితం రాజధాని లిలోంగ్వే నుంచి పరిశోధకులు వచ్చి, రైతులతో కలిసి పరిశోధన చేస్తామన్నారు. "కలిసి" అనే మాట వాళ్ళు పంచిన బనియన్ల మీద కూడా ఉంది. ఊళ్ళో ఒకటి తల్లి చేను, దాన్ని చూసి నేర్చుకునే పొరుగిళ్ళ చెక్కలు పిల్ల చేలు. ఎనెలేసిది తల్లి చేనయింది. ఆమె గొప్ప రైతని కాదు, చేను రోడ్డు పక్కన ఉంది కాబట్టి, వచ్చిన పెద్దలకు కారు దిగకుండానే కనపడుతుంది కాబట్టి.

బోదెలు తోలొద్దన్నారు. చొప్ప తగలబెట్టొద్దన్నారు. దాన్ని నేల మీదే పరిచి, మొనదేలిన కర్రతో గుంట పొడిచి విత్తమన్నారు. మొక్కజొన్న సాళ్ళ మధ్యే కందీ వేరుశెనగా కలిపి. ఊళ్ళో బోదెలు తోలని ఆడదాన్ని సోమరిదంటారు, ఊడవని వాకిలిని ఎలా అంటారో అలాగే. మొదటి రెండేళ్ళూ ఎనెలేసి ఆ మాట పడింది. మూడో ఏడు జనవరిలో వాన మొహం చాటేసింది. ఊరంతా మొక్కజొన్న ఆకు చుట్ట చుట్టుకుంటే, చొప్ప కింద తడి పట్టి ఉన్న ఆమె చేను నిలబడింది. తరువాతి ఫిబ్రవరిలో, ప్రతి ఇల్లూ ఒక పూట పస్తుండే నెలలో, ఆమె పొయ్యి రెండు పూటలా రాజింది. ఇక ఆమెకు బనియన్ల అవసరం లేకపోయింది. ఆ చొప్పే ఆమె గాదె. వాన పడేదాకా అది నేల మీద ఉంటే తిండి ఉంటుంది. ఒక్క మధ్యాహ్నం కాలిపోతే మళ్ళీ నాలుగేళ్ళు వెనక్కి.

ఈ లెక్కలో పరిశోధకులు మరిచిపోయింది ఎలుకల్ని. చుట్టూ కాలుతున్న కొద్దీ పొలం ఎలుకలన్నీ ఆకూ అలమూ మిగిలిన ఒకే ఒక్క ఎకరంలోకి వలస వచ్చాయి. ఆ ప్రాంతంలో ఎలుకంటే పురుగు కాదు, మాంసం. ఉప్పేసి ఉడికించి, ఎండబెట్టి, చీల్చిన కర్రల మధ్య వరసగా బిగించి పెద్దరోడ్డు మీద మినీబస్సుల కిటికీలకు ఎత్తి చూపిస్తారు. యోతాము బతుకు అదే. తండ్రి ఊళ్ళో అతనికి భూమి రాదు, తల్లి ఊళ్ళోనూ భార్య ఊళ్ళోనూ పంచడానికి మిగల్లేదు. బొరియ కనపడాలంటే పైన ఉన్నది కాలాలి. ఇందులో దుర్మార్గం వెతికేవాళ్ళు అతని పిల్లల ఉప్పూ సబ్బూ ఎక్కడి నుంచి వస్తాయో ముందు చెప్పాలి.

గ్రామపెద్ద సభ పెట్టి, చేను తగలబెడితే మేక జరిమానా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రమే వాగొడ్డు తగలబడింది.

మర్నాటి నుంచి చేను అంచున బెండ్లు కనపడసాగాయి. గింజలు ఒలిచిన మొక్కజొన్న బెండు నిప్పును చాలాసేపు మోస్తుంది. ఇంటి నుంచి చేనుకి అగ్గి తీసుకెళ్ళేది దాని మీదే. సగం కాలి ఆరిపోయిన బెండు ఒకటి పడమటి గట్టు మీద. రెండు రోజులు పోయాక మరొకటి, చొప్పకి ఇంకాస్త దగ్గరగా. ఎవరో తెచ్చి, నిలబడి, ఆలోచించుకుని, ఆర్పి వెళ్ళినట్టు.

భర్తకు చూపించింది. లాయిటోని దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"చేను నీది, చొప్ప నీది, ఎలుకలూ నీవే. నేను అల్లుణ్ణి," అన్నాడు.

దాంతో ఆమె మేనమామ ఫోసికో దగ్గరికి వెళ్ళింది. ఆ వంశపు ఆడపడుచులందరికీ పెద్దదిక్కు ఆయనే కాబట్టి భార్య ఊరికి పోకుండా ఇక్కడే ఉండిపోయాడు. యోతాముకి తండ్రి కూడా ఆయనే. వాకిట్లో కూర్చుని బుట్ట అల్లుతున్నాడు.

"మామా, నీ కొడుక్కి చెప్పు."

"ఏమని?"

"నా చేను జోలికి రావద్దని."

"వచ్చాడా?"

"వాడు రాలేదు. నిప్పు మాత్రం వచ్చి వచ్చి పోతోంది." బెండు తీసి ముందు పెట్టింది.

ముసలాయన దాన్ని ఎత్తి వాసన చూశాడు. "నువ్వు నా చెల్లెలి కూతురివి. నీ చేను ఎవరూ లాక్కోకుండా ఇన్నేళ్ళు కాపలా కాసింది నేనే. వాడు నా రక్తం. వాడికేమిచ్చాను? ఎలుకలు తవ్వే పలుగు."

"ఆ కట్టుబాటు నేను పెట్టింది కాదుగా."

"నేనూ పెట్టలేదు. ఎండిన చొప్ప మాత్రం కట్టుబాట్లు వినదమ్మా. వానలకి ఇంకా నెల పైనే ఉంది."

అది బెదిరింపో, హెచ్చరికో, ఉత్త వాతావరణ సమాచారమో ఎనెలేసికి దారి పొడుగునా తేలలేదు. మర్నాడు మధ్యాహ్నం గాలి లేచే వేళకి యోతాము భుజాన పలుగుతో గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"తగలబెట్టడానికొచ్చావా?"

"చూడ్డానికి."

"దూరం నుంచి చూసింది చాలు, ఇలా రా. కుండలు పాతుకో బావా. సగం నీళ్ళు పోసి అంచుకి తవుడు రాస్తే వాటంతటవే పడతాయి. చొప్ప మాత్రం కదలకూడదు."

"కుండల్లో రోజుకి ఇరవై పడితే గొప్ప. తగలబెట్టి తవ్వితే ఒక్క మధ్యాహ్నానికి మూడొందలు. ఆ తేడా నీ మొగుడిస్తాడా?"

"నేనిస్తా."

యోతాము పలుగు దించాడు. "రోజుకి అయిదొందల క్వాచాలు. మొదటి వాన పడేదాకా."

"సరే."

"బేరమాడవేంటి మరదలా? నాకు భయమేస్తోంది."

"నాకూనూ," అంది ఎనెలేసి.

ఆమె నమ్ముకున్నవి రెండు. ఒకటి, ఇంట్లో ఉన్న నాలుగు బస్తాల కందులు. కాని ఆ ఏడు సముద్రం అవతల కందులు కొనే దేశం తలుపు వేసుకుంది. కొనే లారీలు రాలేదు, కిలో వంద క్వాచాలకి దిగింది. రెండోది, మట్టి పరీక్షకు నెలనెలా వచ్చే పరిశోధకురాలు డాక్టర్ తియంజానె. ఆమె మంచి మనిషే, దాచకుండా చెప్పింది.

"అమ్మా, ఎరువుకి పద్దుంది, విత్తనాలకుంది, సభలో బిస్కెట్లకి కూడా ఉంది. ఎలుకలకి లేదు."

"ఎలుకలక్కాదు డాక్టరుగారూ. కాల్చనందుకు."

"కాల్చనందుకు డబ్బిచ్చారని తెలిస్తే రేపు అన్ని ఊళ్ళవాళ్ళూ అగ్గిపెట్టెలు పట్టుకుని వరసలో నిలబడతారు."

ఆ మాట నిజం. ఎంత నిజమంటే వారం తిరగకుండానే వాగు అవతలి అన్నదమ్ములిద్దరు వచ్చారు. చెప్పులు గట్టు మీదే విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అక్కా, మేమూ ఎలుకలు పట్టేవాళ్ళమే. మా ఇంటి నుంచి కూడా మీ చేను బాగా కనపడుతుంది," అన్నాడు పెద్దవాడు.

ఆ వినయం చూసి ఆమె వాళ్ళ చేతుల్లో అగ్గిపెట్టె ఉందేమోనని చూసింది. వాళ్ళు వెళ్ళాక యోతాము కుండలో చెయ్యి పెట్టి ఎలుకల్ని తీసుకుంటూ తాపీగా అన్నాడు, "వాళ్ళని నేను చూసుకుంటా. ఏడొందలు చెయ్యి."

"అయిదొందలకి ఒప్పుకున్నావు."

"అది నేను తగలబెట్టనందుకు. ఇంకొకడు తగలబెట్టకుండా ఆపడం వేరే పని కదా మరదలా."

ఇచ్చింది. ముందు చేతిలో ఉన్న నోట్లు, తరువాత కందులు, తరువాత మేక. ఆ తరువాత, ఇస్తానన్న మాట.

నవంబరు మూడో వారానికి రావలసిన వాన రాలేదు. మేఘాలు కొండ మీదికి వచ్చి, నల్లగా నిలబడి, మొజాంబిక్ వైపు వెళ్ళిపోయేవి. ఊరందరూ ఆకాశం చూసి నిట్టూరుస్తుంటే, యోతాము చొప్ప అంచున కూర్చుని చూసేవాడు. అప్పుడు తెలిసింది ఎనెలేసికి, తాను కాపలా పెట్టింది ఎవర్నో. వాన రాని ప్రతి రోజూ కూలి గిట్టే మనిషి ఆ ఊళ్ళో ఇతనొక్కడే. ఇతనికి పొగాకు అలవాటు కూడా. పాత పేపరు ముక్కలో చుట్టుకుని, అక్కడే, ఆ ఎండు చొప్ప పక్కనే వెలిగించేవాడు. ఆమె చేతిలో పని ఆపి పుల్ల ఎక్కడ పడిందో చూసేది.

"ఆర్పావా?"

"ఆర్పాను."

"బాగా ఆర్పావా?"

"నా కూలి నేనే తగలబెట్టుకుంటానా?"

ఆ జవాబులో తప్పు పట్టడానికేమీ లేదు. అయినా రోజూ అడిగేది. గాలి ఎటు వీస్తోందో చూడకుండా ముద్ద నోట్లో పెట్టుకోవడం మానేసింది. అన్నదమ్ములు అప్పుడప్పుడూ వాగొడ్డున కనపడి తలాడించి పోయేవారు. వాళ్ళని యోతాము ఆపుతున్నాడో, పిలిపిస్తున్నాడో చెప్పగలవాళ్ళు లేరు.

డిసెంబరు సగం గడిచాక, ఒక సాయంత్రం, ఉరుము లేకుండా వాన పడింది. చొప్ప తడిసి నేలకి అంటుకుంది. యోతాము కుండలు తవ్వి తీసుకుని, మట్టి కడిగి, ఒక దానిలో ఒకటి పెట్టుకున్నాడు.

"బాగా కాశాను కదా?" అన్నాడు. నిజంగానే బాగా కాశాడు.

బాకీ సంగతి తేల్చడానికి ఫోసికో అందరినీ తన వాకిట్లో కూర్చోబెట్టాడు. ఎనెలేసి చాప మీద, లాయిటోని గోడ వారగా. అల్లుడు నోరు విప్పే చోటు కాదది.

"నా చెల్లెలి కూతురు మాట తప్పే మనిషి కాదు," అన్నాడు ముసలాయన. "కోతలయ్యేలోపు ఇచ్చేస్తుంది. ఇవ్వలేకపోతే రోడ్డు వైపు సగం మూడేళ్ళు వాడు చేసుకుంటాడు. అమ్మకం కాదు, తాకట్టూ కాదు. మనలో మనం."

"మామా, ఆ నేల ఆడవాళ్ళది."

"మూడేళ్ళ తరువాత కూడా ఆడవాళ్ళదే."

యోతాము తల వంచుకుని గోళ్ళలో మట్టి తీసుకుంటున్నాడు. "ముందే చెప్తున్నా మరదలా," అన్నాడు మెల్లగా. "నేను చేస్తే బోదెలు తోలతాను. తగలబెట్టి తోలతాను. చెత్తలో విత్తడం నాకు రాదు." అతని గొంతులో కక్ష లేదు. కక్ష ఉంటే ఆమె తిట్టిపోసేది.

జనవరిలో డాక్టర్ తియంజానె వచ్చి నేలలో చువ్వ గుచ్చింది. పక్క చేలలో లేని తడి ఇక్కడ జానెడు లోతున ఉంది. ఫోటోలు తీయించింది. ఆ ఏటి నివేదికలో ఈ చేను గురించి, రైతు స్వచ్ఛందంగా పంట వ్యర్థాలను నిలుపుకున్నారని ఉంది. స్వచ్ఛందానికి రోజుకి ఏడొందలని రాసే గడి అందులో లేదు.

మొక్కజొన్న బాగా కంకి పట్టింది. కోతల్లో ధర ఎప్పుడూ పడుకునే ఉంటుంది. బాకీ తీరాలంటే రెండు బస్తాల పైన అమ్మాలి. ఆ రెండు బస్తాలే వచ్చే ఫిబ్రవరి. అమ్మితే ఫిబ్రవరి పోతుంది, అమ్మకపోతే సగం చేను పోతుంది. ఎనెలేసి కోడిపెట్టల్ని అమ్మింది, చిన్నకూతురి పెళ్ళికని దాచిన రంగుల అచ్చుగుడ్డ అమ్మింది, పొరుగు చేలలో కూలికి వెళ్ళి ఇతరుల బోదెలు తోలింది.

కోతలు మొదలయ్యాయి. యోతాముకి ఆమె ఇంకా పదకొండు వేల నాలుగు వందల క్వాచాలు బాకీ.