పిన్నుల పిన్ని నవ్వు

మా అమ్మ చెల్లెలు టైలరు. బట్టలు కుట్టేటప్పుడు గుండుపిన్నులు పెదవుల మూలన పట్టుకుని, వాటి పక్కనుంచే గడగడా మాట్లాడేస్తుంది. అందుకే వీధి వీధంతా ఆమెను పిన్నుల పిన్ని అంటారు. నాకైతే వరసకు కూడా పిన్నే.

కిందటి వానాకాలం బాబాయి, పిన్ని కుట్టు కొట్టుకు దారాలు తెస్తూ, వీధి మలుపులో మూత లేని మురుగు గుంతలో పడి చనిపోయాడు. నీళ్లు నిండి గుంత కనిపించలేదు. దానికి మూత వేయమని పిన్ని మున్సిపల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. "రేపు చూద్దాం" అన్నవాడు మళ్లీ కనిపిస్తే ఒట్టు. పిల్లలు ఆ గుంత పక్కనుంచే బడికి పోతున్నారు.

చివరికి నన్ను పిలిచి, "వీడియో తియ్యవే. ఆయన ఎలా పోయాడో నేనే చెప్తా. ఇంకో ఇంట్లో ఈ ఏడుపు వద్దు," అంది. చొక్కా అంచు మడుస్తూనే చెప్పింది. నేను తీసి నెట్‌లో పెట్టేశాను.

తెల్లారేసరికి లోకమంతా తీర్పరులే. "మొగుడు పోయినదానిలా ఉందా? ఆ నవ్వు చూడండి." "లైకుల కోసం చచ్చినవాళ్లను కూడా వదలరు." ఒకావిడ "నేనైతే బతికేదాన్నే కాదు" అని రాసి, పక్కన పువ్వు బొమ్మ పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. వీడియో మళ్లీ చూశాను. నిజమే, పెదవి మూల పైకి లేచి ఉంది. పిన్నులు! పుట్టినప్పటి నుంచీ ఆ మూతినే చూస్తున్నదాన్ని కాబట్టి అవి నా కంటికి ఆనలేదు. అంత చిన్న ఫోన్‌లో లోకానికీ కనిపించలేదు.

మావయ్య ఊగిపోతూ వచ్చాడు. "పరువు బజారున పడేశావు. ముందది తీసెయ్యి."

"తీసేస్తే గుంతకు మూత నువ్వు వేయిస్తావా అన్నయ్యా?" అంది పిన్ని.

మూత పడింది గానీ, గుంతకు కాదు, మావయ్య నోటికి.

ఆమె నన్ను మళ్లీ ఫోన్ పట్టుకోమంది. కెమెరా ముందు పిన్నులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి, మణికట్టుకు కట్టుకున్న చిన్న దూదిదిండులో గుచ్చుతూ చెప్పింది.

"మీకు నవ్వులా కనిపించింది ఇదేనమ్మా. ఆయన పోయాక, పని లేకపోయినా ఇవి నోట్లోనే పెట్టుకుంటున్నా. పిన్నులుంటే ఏడవలేం, గొంతులోకి పోతాయి. నేను ఏడుస్తూ కూర్చుంటే చొక్కాలెవరు కుడతారు?"

ఆఖరి పిన్ను తీయగానే మూతి వణికింది. దాచుకోకుండా ఏడ్చింది. ఏడుస్తూనే, "నన్ను తిట్టండి, పడతా. ఆ గుంతకు మూత మాత్రం అడగండి," అంది. ఫోన్ పట్టుకున్న నేనూ ఏడ్చాను.

తిట్టిన చేతులే ఆ వీడియోను ఆఫీసు వాళ్లకు పంపాయి. అందరూ కాదులెండి. "ఇదీ నటనే" అన్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల నోళ్లకు సరిపడా మూతలు ఇంకా తయారు కాలేదు. వారం తిరక్కుండానే లారీలో ఇనప మూత దిగింది. పనివాళ్లు బిగిస్తుంటే పిన్ని పక్కనే నిలబడి, "ఆ మూల ఊగుతోంది బాబూ, సరిగ్గా కూర్చోబెట్టు," అంటూ కాలరు కుదిరిందో లేదో చూసినట్టు చూసింది.

వాళ్లు వెళ్లగానే మూత మీదకెక్కి, రెండు కాళ్లతో దబదబా తొక్కింది. కదల్లేదు. నా వైపు తిరిగి, ఒక్క పిన్నూ లేని నోటితో, పళ్లన్నీ కనిపించేలా నవ్వింది.

"తియ్యవే వీడియో. నవ్వంటే ఎలా ఉంటుందో వాళ్లకీ చూపిద్దాం."