శాండ్‌విచ్‌తో పాటు ఉప్పు పొట్లం

పోయిన రంజాన్ నెలలో ఏలూరులో పని చూసుకుని తిరిగొస్తుంటే, ఆకలేస్తోందని మా అమ్మాయి హనుమాన్ జంక్షన్‌లో కారు ఆపి, రోడ్డు పక్కన కొత్తగా రంగులేసిన ఒక కొట్టు నుంచి శాండ్‌విచ్‌లు తెచ్చింది. విప్పితే, వాటి పక్కన వేలెడంత కాగితం పొట్లం ఉంది. తెల్ల కాగితాన్ని మూలగా మడిచి, కొసను లోపలికి దోపిన ఆ మడత చూడగానే నా చెయ్యి ఆగిపోయింది. పెళ్ళి చీరలతో పాటు ఇచ్చే కుంకుమ పొట్లాలను మా మేనమామ కొట్టులో నేను అచ్చం అలాగే మడిచేవాణ్ణి. శాండ్‌విచ్ పక్కన ఆ మడత కనిపించే చోటు నాకు తెలిసి లోకంలో ఒక్కటే ఉండేది, అది మూతపడి చాలా ఏళ్ళయింది.

తొంభైల్లో బెజవాడలో చదువుకున్నవాళ్ళు మీలో ఉంటే, గ్రంథాలయం ప్రహరీ గోడకు ఆనుకుని ఉండే ఆ చిన్న కొట్టు మీకూ గుర్తుండాలి. చుట్టూ కాలేజీలు, హాస్టళ్ళు, జిరాక్సు కొట్లు. మధ్యలో రేకు కప్పు కింద ఒక గ్యాసు పొయ్యి, రెండు బల్లలు. కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి నూరిన పచ్చడి రొట్టెకు దట్టంగా పట్టించి, ఉడికిన బంగాళాదుంప, దోసకాయ చక్రాలు పేర్చి, వెన్న రాసి, చేతి టోస్టరులో బిగించి మంట మీద తిప్పుతుంటే ఆ వాసన గ్రంథాలయంలో చదువుకునేవాళ్ళను కూడా కుర్చీల్లోంచి లేపేది. కొట్టు నడిపే ఆయనను అందరం భాయి గారు అనేవాళ్ళం. పచ్చడి ఆయన భార్యది. ఆవిడను నేను అక్కా అని పిలిచేవాణ్ణి.

నాకు కాలేజీ లేదు. మాది పామర్రు దగ్గర మగ్గాల ఇల్లు. పదో తరగతితో చదువాగిపోయి, బెజవాడలో మేనమామ చీరల కొట్టులో చేరాను. మధ్యాహ్నం కొట్టు తలుపులు దగ్గరకు వేసి మావయ్య కునుకు తీసే వేళ నేను గ్రంథాలయానికి పరుగెత్తేవాణ్ణి. ఏది చదవాలో చెప్పేవాళ్ళు లేక బీరువాల వరసనే చదువుకుంటూ పోయాను. నక్షత్రాలు, నేలలు, తేనెటీగలు, రసాయనాలు, పాత రాజ్యాలు, అన్నీ ఒకదాని మీద ఒకటి బుర్రలో పడ్డాయి. తిరిగి వెళ్ళేటప్పుడు భాయి గారి బల్ల మీద కూర్చుని, ఆ రోజు చదివింది బీటెక్ కుర్రాళ్ళకు వినిపించేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు గానీ, వినేవాళ్ళు. చదువుకున్నవాళ్ళ పక్కన చోటు దొరికిందన్న సంతోషం నాకు అంతకు ముందు లేదు.

ఒక ఏడు రంజాన్ మొదట్లో ఆ కొట్టుకు పెద్ద చిక్కు వచ్చింది. భార్యాభర్తలిద్దరూ రోజాలు ఉంటారు కనుక పగలు పచ్చడి రుచి చూడరు. పెద్దవాళ్ళు నాలుక కొసకు తగిలించి ఉమ్మెయ్యవచ్చంటారు గానీ, భాయి గారికి మనసొప్పేది కాదు. ఒకరోజు అక్క వేసిన ఉప్పు తెలియక భాయి గారు మళ్ళీ వేశారు. ఇద్దరూ రుచి చూడలేదు, పచ్చడి అలాగే అమ్మకానికి వెళ్ళింది. “ఏంటి భాయి గారూ, కొట్టు బందరు సముద్రంలోకి మార్చారా?” అని కుర్రాళ్ళు ఏడిపించారు. ఏడిపించినవాళ్ళు తిరిగొస్తారు, బాధేమిటంటే, ఏమీ అనకుండా వెళ్ళినవాళ్ళు వీధి చివర కొత్తగా పెట్టిన ఏసీ ఐస్‌క్రీం పార్లరుకు అలవాటు పడ్డారు. బల్లలు ఖాళీ అవుతూ వచ్చాయి. పండగయ్యాక కొట్టు ఎత్తేసి, హనుమాన్ జంక్షన్‌లో అన్నగారి పంక్చర్ల షాపులో చేరిపోదామని భాయి గారు అనుకుంటున్నట్టు నాకు తెలిసింది.

ఉప్పు చూసే పని అప్పుడే నాకు వచ్చింది. రొట్టె అంచు ముక్క మీద పచ్చడి రాసి అక్క ఇచ్చేది, నేను కళ్ళు మూసుకుని నమిలి తీర్పు చెప్పేవాణ్ణి. మా మేనమామకు తెలిస్తే నవ్వుతాడని చెప్పలేదు గానీ, నాకు అది ఉద్యోగంలో ప్రమోషను వచ్చినట్టే ఉండేది.

ఇంతలో ఒక మంచి కబురు. పక్క వీధిలో ఇంటర్ ఆడపిల్లల హాస్టలు ఉండేది. పరీక్షలు దగ్గరపడ్డాయని పిల్లలకు సెలవివ్వలేదు, ఉపవాసాలూ వద్దన్నారు గానీ, వంటవాళ్ళు మాత్రం శివరాత్రికి నదీ స్నానాలకు పోతామన్నారు. అందుకని వార్డెను గారు ఆ సాయంత్రానికి హాస్టలు మొత్తానికీ శాండ్‌విచ్‌లు చెప్పారు. పిల్లలకు నచ్చితే ఇకనుంచి వారం వారం తీసుకుంటామన్నారు. అక్క ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను. ఈ ఒక్క పూట పచ్చడి కుదిరితే కొట్టు నిలబడుతుంది.

శివరాత్రి మధ్యాహ్నం గ్రంథాలయానికి సెలవని తెలిసీ అలవాటుగా అటే వెళ్ళాను. అక్క గిన్నెడు పచ్చడి ముందు పెట్టుకుని నా కోసమే చూస్తోంది. రొట్టె అంచు చేతికిచ్చేదాకా నాకే తట్టలేదు, ఆ రోజు నేనూ ఉపవాసమని. నాన్నమ్మకు మాటిచ్చి వచ్చాను. సరే, ఒక్క ముక్కేగా అని నోటి దాకా తెచ్చాను గానీ, అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దు తమ్ముడూ. నీ ఉపవాసం చెడగొట్టుకుని మా కొట్టు నిలబెడతావా? అలా నిలబడిన కొట్టు మాకెందుకు?”

గుణదల నుంచి సైకిలు మీద రొట్టెలు తెచ్చే పెద్దాయన అప్పుడే వచ్చాడు. ఆయన వైపు ఆశగా చూశాం. ఈస్టరు ముందు తపస్సు కాలంలో పొద్దుగూకే దాకా ఆయనా ఏమీ ముట్టడట. “దేవుళ్ళంతా కూడబలుక్కుని మన నోళ్ళు కట్టేసినట్టున్నారయ్యా” అని సైకిలు స్టాండు వేశాడు.

వీధిలో నరపురుగు లేదు. కొట్లన్నీ మూసి ఉన్నాయి. ఒక రిక్షా అతను వస్తుంటే భాయి గారు లేచారు గానీ, నుదుటి మీద విభూతి చూసి మళ్ళీ కూర్చున్నారు. మిగిలింది వాళ్ళ చిన్నపాప. చెంచా నోట్లో పడక ముందే “బాగుంది” అని, ఇంకో చెంచా అడిగింది. ఆ సాక్ష్యం చెల్లలేదు.

అప్పుడు నాకు నా చదువు గుర్తొచ్చింది. ఉప్పు నీళ్ళలో ఎంత ఉప్పుంటే బంగాళాదుంప అంత పైకి తేలుతుందని ఏదో పుస్తకంలో చదివాను. సూత్రం వివరించి, ఉడికిన దుంప ఒకటి పచ్చడిలో వదిలాను. అందరం గిన్నె మీదికి వంగి చూశాం. అది బుడుంగున మునిగి, మళ్ళీ కనిపించలేదు.

“పుస్తకంలోది చదువుకున్న దుంపేమో. ఇది బజారు దుంప, దానికి చదువు రాదు” అన్నాడు పెద్దాయన. ఆ మాటకు అంత దిగులులోనూ అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసే కాబోలు, ఆయన గొంతు తగ్గించి మెల్లగా అన్నాడు. “అమ్మా, జామకాయలు అమ్మేవాడు ఉప్పు కాయలో కలిపి అమ్ముతాడా? పొట్లం కట్టి చేతికిస్తాడు. ఎవరికెంత కావాలో వాళ్ళే చల్లుకుంటారు.”

అక్క ఆ పచ్చడి పక్కన పెట్టి, వేళ్ళకు అంటినంత ఉప్పుతో కొత్తది నూరింది. జీలకర్ర, మిరియాలు దోరగా వేయించి, ఉప్పుతో కలిపి దంచింది. పాప తెల్ల కాగితాల పుస్తకం తెచ్చి ఇచ్చింది. పొట్లం కట్టడం నా పని గనుక నేను మడిచి చూపించాను, భాయి గారూ పెద్దాయనా నేర్చుకున్నారు. కాలుతున్న వెన్న వాసన మధ్య, ఖాళీ కడుపులతో, మూడు రకాల ఉపవాసాల వాళ్ళం కూర్చుని ఆ మధ్యాహ్నమంతా పొట్లాలు మడిచాం. ఎవరికీ ఆకలి గుర్తు రాలేదంటే మీరు నమ్మాలి.

మర్నాడు పొద్దున్నే పారణ అయ్యాక నేను కొట్టుకు వెళ్ళేసరికి భాయి గారు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. “పిల్లలకు పొట్లాలు చాలలేదంట తమ్ముడూ. వచ్చే వారానికి ఎక్కువ కట్టమన్నారు.” రోడ్డు వెడల్పు చేస్తూ గ్రంథాలయం గోడ వెనక్కి జరిపిన రోజు దాకా ఆ కొట్టు కాలేజీ పిల్లలతో నిండే ఉంది, ప్రతి శాండ్‌విచ్‌తోనూ ఉప్పు పొట్లం వెళ్తూనే ఉంది. తర్వాత వాళ్ళెటు వెళ్ళారో నాకు తెలియలేదు. అప్పటికి నేను చీరల వ్యాపారంలో పడి ఊళ్ళు తిరుగుతున్నాను.

అందుకే ఆ రోజు జంక్షన్‌లో కారు దిగి కొట్టు దగ్గరకు నడిచాను. పెదనాన్న పంక్చర్ల షాపు ఉన్న స్థలంలోనే కొట్టు పెట్టిన ఆ అమ్మాయి, అప్పటి చిన్నపాపే, నా చేతిలోని పొట్లాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, “మీరు బంగాళాదుంప మావయ్య కదండీ” అంది. అమ్మా నాన్నా పక్క వీధిలోనే ఉన్నారట, ఇంట్లో ఇప్పటికీ ఆ దుంప మాట చెప్పుకుని నవ్వుకుంటారట.

ఆ రోజుల్లో పక్కవాళ్ళు ఏ రోజు ఎందుకు పస్తున్నారో మాకు అడగకుండానే తెలిసేది. ఇప్పుడు మా అపార్టుమెంటులో ఎదురు తలుపు వెనక ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని తలుపు తట్టిందీ లేదు. నిలబడి అదే అనుకుంటుంటే, ఆ అమ్మాయి కౌంటరు మీదుగా రొట్టె అంచు ముక్క ఒకటి అందించింది. మీద పచ్చగా పచ్చడి. “నేను రోజాలో ఉన్నాను, పని కుర్రాడు ఇవాళ రాలేదండీ. ఉప్పు చూసి పెడతారా?”

కళ్ళు మూసుకుని నమిలాను. బీపీ వచ్చినప్పటి నుంచి చప్పిడి తిండికి అలవాటు పడిన నా నాలుకకు అది ఉప్పగా తోచింది. ఆ నాలుకను నమ్మి తీర్పు చెప్పడానికి ధైర్యం చాలలేదు.

“కాగితాలు ఇలా ఇవ్వమ్మా” అని, కుర్చీ లాక్కుని, పొట్లాలు మడవడం మొదలుపెట్టాను.