కొంగ గూట్లో ఎర్రా తెల్లా దారం

దివ్నా ఇంటి ఎదురు కరెంటు స్తంభం మీది గూట్లో మూడు కొంగపిల్లలుండేవి. జూన్ పన్నెండు పొద్దున రెండే తలలు కనిపించాయి. పాలగిన్నె పట్టుకుని మెట్ల మీదే నిలబడి ఆమె మళ్లీ లెక్కపెట్టింది. రెండే. వాటిలో ఒకటి లేవబోతోంది, పడిపోతోంది, మళ్లీ లేవబోతోంది.

డాన్యూబ్ నదికి బల్గేరియా వైపు ఒడ్డునున్న ఆ ఊళ్లో మార్చి ఒకటిన చేతికి కట్టుకునే ఎర్రా తెల్లా దారాలు పేనేది దివ్నాయే. ముప్ఫై ఏళ్లుగా బడికీ, పంచాయతీ ఆఫీసుకీ, ప్రతి ఇంటికీ ఆమె దారమే వెళ్తుంది. వసంతంలో వలస నుంచి తిరిగొచ్చే తొలి కొంగ కంటపడిన రోజున జనం దాన్ని విప్పి పూతకొచ్చిన ఆల్‌బుకరా కొమ్మకు కడతారు. మొదట్లో ఆమె గొర్రె ఉన్నితో పేనేది. అది ఏడాది తిరిగేలోగా చివికి రాలిపోయేది. పదకొండేళ్ల కిందట సంతలో నైలాన్ దారం దొరికింది. వడికే పని లేదు, రంగు వెలవదు, తడిసినా కుళ్లదు. అందరూ మెచ్చుకున్నారు. నిరుటివీ, ముందటేటివీ కొమ్మలకు ఇంకా వేలాడుతుంటే ఊరికి అందమే అనుకున్నారు.

దివ్నా కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసింది. కొంగ కోసమంటే ఎవరూ రారని, తీగలు నిప్పురవ్వలు కక్కుతున్నాయని అబద్ధం చెప్పింది. పది గంటలకు లైన్‌మన్ బోయ్కో మనిషిని బుట్టలో నిలబెట్టి పైకెత్తే బండి వేసుకుని వచ్చాడు.

"రవ్వలేవత్తా? నీ పొయ్యిలో చూశావేమో."

"వాగకుండా పైకెక్కు. పిల్ల లేవలేకపోతోంది."

"కొంగలకు వైద్యం చేస్తానని నీకెవరు చెప్పారు?" అంటూనే బుట్టలోకి ఎక్కాడు.

బుట్ట పైకి లేవగానే తల్లికొంగ ఎగిరి పక్కింటి కప్పు మీద వాలి, ముక్కు టపటపలాడించింది. బోయ్కో గూట్లోకి వంగాడు. పుల్లలు పక్కకు జరిపి చూశాడు.

"ఒకటి చచ్చిపోయింది," అన్నాడు. "దీని కాలికి దారం చుట్టుకుంది. కండలోకి దిగిపోయిందత్తా. పాదం నల్లబడింది."

"ఏం దారం?"

అతను కటింగ్ ప్లేయరుతో జాగ్రత్తగా తెంపి, కిందికి దిగి, అరచెయ్యి చాపాడు. మట్టీ రెట్టా అంటుకున్నా ఎరుపు ఎరుపుగానే, తెలుపు తెలుపుగానే ఉంది. కొసన రెండు ముళ్ల మధ్య చిన్న ఉచ్చు. దివ్నాకు వాళ్లమ్మ నేర్పిన ముడి. ఊళ్లో ఇంకెవరూ అలా వెయ్యరు.

"నాదే," అంది దివ్నా.

బోయ్కో సర్దిచెప్పబోయాడు. కొంగలు గడ్డిమోపుల తాళ్లూ, ప్లాస్టిక్ సంచులూ, ఏవి దొరికితే అవి ఏరుకొచ్చి పరుచుకుంటాయన్నాడు. ఆమె చెవికెక్కలేదు. ఏడాదికి నాలుగు వందల దారాలు. పదకొండేళ్లు. కొమ్మలకున్నవి పోగా మిగిలినవన్నీ ఎక్కడున్నట్టు? వీధి పొడవునా చూసింది. దాదాపు ప్రతి స్తంభం మీదా గూడుంది. ప్రతి గూటి అంచునా తలలున్నాయి. వాటిలో ఎన్ని పిల్లలు లేచి నిలబడగలవో కిందినుంచి తెలియదు. వెళ్లి బండి తలుపు తీసింది.

"పక్క స్తంభం ఎక్కరా."

"డీజిల్ దేనికి తగలేశావని మా పై ఆఫీసరు అడుగుతాడత్తా."

"నా పేరు చెప్పు. చేసింది నేనేనని చెప్పు."

బోయ్కో ఆమె మొహం చూసి బండి తీశాడు. మధ్యాహ్నం దాకా దివ్నా బండి వెనకే నడిచింది. బుట్ట పైకి లేచినప్పుడల్లా తలెత్తే ధైర్యం చాలక టైర్ల వైపు చూస్తూ నిలబడింది.

ఊళ్లో గూళ్లు పద్నాలుగు. ఆ రోజు బోయ్కో ఎక్కినవి ఐదు. నాలుగు గూళ్లలో దారం ఉంది.