డాక్టరమ్మను వెక్కిరించిన రోజు

నా చిన్నప్పుడు మా ఖాజాగూడలో నేను వెక్కిరించని మనిషి లేడు. బడి చదువు నాకు అబ్బలేదు గానీ, ఎవరి మూతి ఎట్లా తిరుగుతుందో చూసి అట్లాగే తిప్పడం మాత్రం బాగా వచ్చింది. ఒకరోజు బండల మీద మా మేనత్త నడక నడిచి చూపిస్తూ జారిపడ్డాను. రాతి మొన చెంపలో దిగింది. మా నాయనమ్మ గాయం నిండా పసుపు మెత్తింది. పక్కింటి అక్క తొంగిచూసి, “అయ్యో, మూతి వంకర పోతదేమోనే!” అంది. నొప్పి కన్నా ఆ మాటకే ఎక్కువ భయపడ్డాను. మూతే పోతే ఇక నా దగ్గర మిగిలేదేముంది?

అమ్మ నన్ను పట్నంలోని పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ ముఖాలకు ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఉండేది, కోస్తా వైపు మనిషి. కాలిన చెంపలు, చీలిన పెదవులు, విరిగిన దవడలు బాగుచేయడంలోనే ఆమె జుట్టు నెరిసిందట. సూది తీస్తుందని నేను కళ్ళు మూసుకున్నాను. ఆమె పసుపంతా మెల్లగా కడిగి, నా ఎదురుగా కూర్చుని, “ఏదమ్మా, నన్ను వెక్కిరించు చూద్దాం” అంది.

నేను పళ్ళు ఇకిలించానో లేదో, అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. “పెద్దమనిషిని గట్ల వెక్కిరిస్తవానే! జర మాఫ్ చెయ్యున్రి మేడం, దీనికి బుద్ధి లేదు.”

“కొట్టకండి, నేనే చేయమన్నాను. ముఖంలో నరాలు పనిచేస్తున్నాయో లేదో ఇలాగే తెలుస్తుందండి.”

కనుబొమలు ఎగరేయమంది, ఎగరేశాను. కళ్ళు గట్టిగా మూయమంది, మూశాను. మళ్ళీ పళ్ళు చూపించమంది. అప్పుడు ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది. నా మూతి ఒక పక్కకే పోతోంది. రెండో పక్క చచ్చుబడి ఉంది.

“సన్నటి నరం ఒకటి తెగిందమ్మా. కొసలు వెతికి కలపాలి.”

“మీకు భయమైతలేదా?” అని అడిగాను.

లేదంటుందనుకున్నాను. “అవుతోంది. అందుకే తొందరపడను” అంది.

ఆపరేషన్ అయి మత్తు దిగాక చూస్తే మూతి అట్లాగే వంకరగా ఉంది. నరం కలిపినా కదలడానికి నెలలు పడుతుందని, వచ్చినప్పుడల్లా తనను వెక్కిరించాలని డాక్టరమ్మ చెప్పింది. పోయిన ప్రతిసారీ అద్దం ముందు వెక్కిరించి చూసుకునేదాన్ని, ఆ పక్క కదిలేది కాదు. ఒకనాడు పెదవి చివర చీమ పాకినట్టు అదిరింది. వీపు వాయించిన మా అమ్మే ఏడుస్తూ, “ఇంకోసారి వెక్కిరియ్యే, నా తల్లీ!” అని బతిమాలింది.

ఇప్పుడు మా బండల చుట్టూ అద్దాల మేడలు లేచాయి. నా మనవరాలు ఇంటర్వ్యూకు పోతూ గుమ్మం దగ్గర ఆగి, దడగా ఉందంటుంది. భయపడకు అని నేను అనను. ఆ మాట నాకు ఆ డాక్టరమ్మ కూడా చెప్పలేదు. “అయితే అయితది బిడ్డా, నాకూ అయితది. జర మెల్లగ పో” అంటాను.