గంగుబాయి పొయ్యి మీద పేలని మక్కలు

మా కంఠేశ్వర్ వాడకట్టులో బీడీలు చుట్టే ఆడవాళ్లలో గంగుబాయి అంత మొండిమనిషిని నేను చూడలేదు. మా గోడకు ఆనుకునే ఆమె ఇల్లు. పక్కన పిడుగు పడినా చేతిలో ఆకు వదలని మనిషి, పేలాలు వేయించేటప్పుడు మాత్రం చిన్నపిల్లయిపోయేది. మూకుడు కాగాక చారెడు మక్కలు, అదే మొక్కజొన్న గింజలు, పోసి, మూత బోర్లించి, ఒంగి వినేది. టపటపలు మొదలైతే ముఖమంతా నవ్వే. నేనేమైనా మాట్లాడబోతే "జెర ఊకో" అని కసిరేది. ఉప్పూకారం చల్లి మొదటి దోసెడు కొడుకు దేవిదాస్‌కు, రెండోది కోడలు సుమిత్రమ్మకు పెట్టేది. మిగిలిందే మాకు.

దేవిదాస్ పోచంపాడ్‌లో ప్రాజెక్టు కట్టే పనికి పోయాడు. అరవై ఎనిమిది వానకాలంలో ఒక సాయంత్రం గోదావరిలో స్నానానికి దిగి మళ్లీ ఒడ్డెక్కలేదు. శవం దొరకలేదు. పెళ్లయి ఏడాది కూడా నిండలేదు. సుమిత్రమ్మకు పద్దెనిమిదేళ్లుంటాయేమో.

శవం లేనప్పుడు గడ్డితో బొమ్మ కట్టి దహనం చేస్తారు. బొమ్మ ముందు దారి పొడుగునా చల్లే పేలాలను, పోయినవాడి తల్లే తన పొయ్యి మీద వేయించాలని వాళ్ల ఆచారం. వాటికి ఉప్పు వేయరు, మూత పెట్టరు. గింజలు ముందురోజే ముంతలో పోసి దేవుడి గూట్లో ఉంచుతారు. నెల దాటాక ఒక పొద్దున, గడ్డిబొమ్మను వాకిట్లో పడుకోబెట్టి, గంగుబాయి మూకుడు పెట్టింది. మేమంతా చుట్టూ నిలబడ్డాం.

గింజలు పేలలేదు. గలగలా దొర్లాయి, ఎర్రబడ్డాయి, నల్లబడి పొగ లేచింది. మంట పెంచినా ఒక్కటంటే ఒక్కటి విచ్చుకోలేదు. వాకిట్లో డప్పు ఆగిపోయింది.

"వానికింక భూమ్మీద నూకలున్నయ్," అన్నారెవరో మెల్లగా.

బొమ్మను విప్పారు. ఆ గడ్డిని గొడ్లకు కూడా వేయకుండా దూరంగా పారేశారు.

ఆ రోజు నుంచి ఆ ఇల్లు మాకు తెలిసిన ఇల్లు కాదు. సుమిత్రమ్మ గాజులు తీయలేదు. మిట్టమధ్యాహ్నం గడపకు ఎదురుగా పీట వేసి, కంచంలో అన్నం పెట్టి, పక్కన కూర్చుని మాట్లాడేది. అవతలి మనిషి బదులిస్తున్నట్టు మధ్యమధ్యలో ఆగేది. "అట్లనా?" అని మళ్లీ అందుకునేది. గోడ ఇవతల బీడీలు చుడుతూ ఆ బదులు కోసం నేనూ చెవులు రిక్కించేదాన్ని. అంతలోనే భయమేసి రేడియో పెట్టుకునేదాన్ని.

మరుసటి ఏడు ఆమె అన్న ఆత్మారాం బోధన్ నుంచి వచ్చాడు. చక్కెర ఫ్యాక్టరీలో పని, మెత్తని మనిషి. బావకు కర్మ జరిగిపోతే చెల్లెలికి మారుమనువు చేయాలని అతని ఆశ. కర్మ జరగకపోతే ఆమె ఇంకా దేవిదాస్ భార్యే. మళ్లీ బొమ్మ కట్టారు, మళ్లీ మూకుడు పెట్టారు, మళ్లీ గింజలు మాడాయి. కొడుకు మీది పాశంతో గంగుబాయే ఏదో మంత్రం వేయించిందని వాడకట్టంతా కోడై కూసింది. ఆమె చేతిలో ఆకు వదలలేదు. సుమిత్రమ్మ మాత్రం చిక్కి సగమైంది. పీట ముందు అన్నం పెట్టడమే గాని, తను తినడం మానేసింది.

మూడో ఏడు, కర్మ రోజు పొద్దున్నే గంగుబాయి నన్ను పిలిచింది. వంటింట్లో అత్తాకోడళ్లూ నేనూ, అంతే. ఆమె ముంతలోంచి ఒక గింజ తీసి నోట్లో వేసుకుంది. పటుక్కున నలిగింది. పచ్చి మక్క అట్లా నలగదు.

"సన్నసెగ మీద ఏంచి పెట్టినవ్ గదా, సుమిత్రా. ఏగిన గింజ మల్ల పేలదు."

సుమిత్రమ్మ తల దించుకుంది. "అవునత్తా. నిరుడు గూడ నేనే ఏంచిన. పేలితే ఆయన సచ్చినట్టే గద." తలెత్తి అత్తను చూసింది. "కని మొదటేడు నేను ముట్టలే. నీ మీద ఒట్టు. గవ్వి ఎందుకు పేలలేదో నాకు తెల్వది."

"నేను గూడ ఏం జెయ్యలే బిడ్డా," అంది గంగుబాయి.

నేను ఉండబట్టలేక అడిగాను. "అక్కా, ఒకేళ వాడు బతికే ఉంటే?"

గంగుబాయి బస్తాలోంచి పచ్చి గింజలు చారెడు తెచ్చి, కాగిన మూకుట్లో పోసింది. మొదటి గింజ పేలి ఆమె చేతి మీద పడింది. ఆ తర్వాత ఆగలేదు. తెల్లగా పొయ్యి చుట్టూ, ఆమె ఒళ్లోకి ఎగిరిపడుతూనే ఉన్నాయి. ఆమె సుమిత్రమ్మ వైపు తిరిగింది.

"వాడొస్తే నన్నే అడుగుతడు. నువ్వే సంపినవా అవ్వా అంటే, నేనే సంపిన అంట. నువ్వు పో బిడ్డా. మీ అన్న బయట నిలబడ్డడు."